క్యారెట్ మడిలో ఒత్తు

పెరటితోటలో శ్రమపడి చేయవలసిన పనులు చాలా ఉన్నవి. నేల త్రవ్వడం, ఎరువు మోయడం, నీరు పెట్టడం—ఇవన్నీ ఒళ్ళు వంచితే అయ్యే పనులు. శ్రమ ఏమాత్రమూ లేకపోయినా చేతులు రాని పని ఒకటి ఉన్నది. అది ఒత్తుగా మొలిచిన క్యారెట్ మొలకలను పలుచన చేయడం. దానికి పనిముట్టు అక్కరలేదు, బలం అక్కరలేదు. బొటనవేలు, చూపుడువేలు చాలును. ఐనా తెలుగునాట ఇండ్ల పెరళ్ళలోనూ, మిద్దెలమీది తొట్లలోనూ, బడితోటలలోనూ క్యారెట్ వేసి, చివరకు ఎలుకతోకల వంటి వేళ్ళను త్రవ్వుకొని, నేల మంచిది కాదనీ విత్తనం మంచిది కాదనీ నిందించేవారు తక్కువమంది కారు. నేలదీ విత్తనానిదీ దోషం ఉండవచ్చును. కాని అనేకసార్లు దోషం పని చేయని ఆ రెండు వేళ్ళదే.

కలుపు తీసేవాడి మనస్సులో పేచీ ఉండదు. కలుపు పరాయిది, పిలవకుండా వచ్చినది, పైరు తిండి తినేది. దానిని పెరికి గట్టుమీద పారవేయడానికి ఎవరూ వెనుదీయరు. క్యారెట్ మొలక అట్టిది కాదు. డబ్బిచ్చి కొని, స్వయంగా చల్లి, నేల ఆరిపోకుండా తడిగోనె కప్పి, ఉదయమూ సాయంత్రమూ వంగి వంగి చూచి, పదిరోజులకో పన్నెండు రోజులకో గడ్డిపోచల వంటి రెండేసి సన్నని ఆకులు పైకి రాగానే ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించుకొన్న మొలక అది. తెగులు లేదు, పురుగు లేదు, వంకర లేదు. అట్టి మొలకను పీకమంటే చేయి ఆడకపోవడం సహజమే. ‘ఇంకా నాలుగు రోజులు చూద్దాం’ అనిపిస్తుంది. ఆ నాలుగు రోజులు నలభై రోజులవుతవి.

ఈ సంకోచానికి దయ ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. తెలుగువారి సాగు సంస్కారంలో పెద్దభాగం వరి నేర్పినది. నారుమడి ఎంత ఒత్తుగా ఉంటే కాపుకు అంత సంబరం. ఎందుకంటే ఆ మడిలోని మొలక ఏదీ అక్కడే ఉండిపోదు. నారు పీకి, కట్టలు కట్టి, పొలానికి మోసి, కుదురుకు కుదురుకూ నడుమ చోటు విడిచి ఊడుస్తారు. ఒక్క నారుమడి ఎన్నో రెట్ల పొలాన్ని నింపుతుంది. వంగ, మిరప, టమాటా నారుల విషయం కూడా ఇంతే. ఇక్కడ పీకడమంటే చంపడం కాదు, స్థలం మార్చడం. ‘నారు పోసినవాడు నీరు పోయకపోతాడా’ అనే సామెత పుట్టినది కూడా ఈ మడిగట్టు మీదనే. ఆ మాటలోని ధైర్యమంతా పోసిన నారుకు ఎక్కడో ఒకచోట పొలం ఉన్నదన్న నమ్మకంలోనే ఉన్నది.

మెట్టసీమలలో పెరిగినవాడి చేయి వేరు. జొన్నచేలో గొర్రుతో విత్తిన గింజలు సాళ్ళలో గుంపులుగా మొలుస్తవి. రెండు మూడు వారాలు కాగానే రైతు వచ్చి, నడుమ కావలసినంత ఎడం ఉంచి తక్కిన ఒత్తు మొక్కలను పీకివేస్తాడు. నువ్వులు చల్లేటప్పుడైతే ముందే ఇసుక కలుపుతారు, గింజలన్నీ ఒకేచోట పడకుండా. ఆపైన కూడా ఒత్తు ఉంటే తీసివేస్తారు. అక్కడ అది పాపమని ఎవరూ అనుకోరు, వీరకార్యమనీ అనుకోరు. వాన ఎంత పడుతుందో తెలియని నేలలో ఎన్ని మొక్కలకు తడి సరిపోతుందో లెక్క వేసుకొనడం మెట్టరైతుకు మొదటి పాఠం.

ఇక మూడవ రకం చేయి ఇంటి ఇల్లాలిది. కొత్తిమీర, మెంతి, తోటకూర—ఇవి ఎంత ఒత్తుగా వస్తే అంత మేలు. తోటకూర మడిలో ఒత్తుగా ఉన్నచోట లేత మొక్కలను వేళ్ళతో సహా లాగి, కడిగి, పప్పులో వేస్తారు. అది పలుచన చేయడమే ఐనా దానికి ఆ పేరు లేదు. దానిని కూర కోసుకోవడం అంటారు. కొత్తిమీరను ఎవరూ పలుచన చేయనే చేయరు. క్యారెట్ కొత్తిమీరకు దగ్గరి చుట్టం. ధనియాలు, జీలకర్ర, వాము, సోపు అన్నీ గొడుగు వంటి పూగుత్తులు పూసే ఒకే కుటుంబంలోవి. మూడవ ఆకు విచ్చుకొన్నప్పుడు క్యారెట్ మొక్కను చూచి కొత్తిమీర అని భ్రమపడని పిల్లవాడు అరుదు. కనుక కొత్తిమీర చల్లిన చేతితోనే క్యారెట్ చల్లుతారు, కొత్తిమీరను చూచిన కంటితోనే క్యారెట్‌ను చూస్తారు. కాని ఒకదానిలో తినేది ఆకు, రెండవదానిలో తినేది వేరు. ఆకుకు ఆకాశంలో చోటు కావాలి, అది పైకి సాగి సంపాదించుకొంటుంది. వేరు ఊరడానికి మట్టిలో చోటు కావాలి. ప్రక్కవాడు జరిగితేనే అది దొరుకుతుంది.

తెలుగు బోధించేవారికి ఇక్కడ ఒక చిన్న వినోదం లేకపోలేదు. తరగతిగదిలో ఒత్తు అంటే అక్షరం క్రింద చేరవలసినది; పిల్లవాడు దానిని మరచిపోతే మార్కు పోతుంది. చేనిలో ఒత్తు అంటే తీసివేయవలసినది. రైతు దానిని మరచిపోతే పంట పోతుంది.

క్యారెట్‌ను వరినారువలె పీకి మరొకచోట నాటరాదా అని ఏ పిల్లవాడైనా అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే అది. క్యారెట్ విత్తనం మొలవగానే మొదట చేసే పని తల్లివేరును నిటారుగా లోనికి దింపడం. పైన రెండు గడ్డిపోచలు కనబడేనాటికే లోపల ఆ వేరు చాలా దూరం పోయి ఉంటుంది. రేపు గడ్డగా ఊరబోయేది అదే. పీకినప్పుడు దాని కొన తెగుతుంది, లేదా వంగుతుంది. కొన తెగిన వేరు రెండుగానో మూడుగానో చీలి, పంచె కట్టుకొన్న మనిషి కాళ్ళవలె పెరుగుతుంది. ఒక్కొక్కప్పుడు అసలు ఊరదు. వరికి పీచువేళ్ళు, అవి తెగినా కొత్తవి వస్తవి. వంగకూ మిరపకూ వేరు వంకర పోయినా కాయకు లోటు లేదు. క్యారెట్‌కు వేరే సర్వస్వం. అందుచేత అది పుట్టినచోటనే పెరగవలె. వలస దానికి లేదు.

కొంచెం లెక్క చూడవచ్చును. క్యారెట్ విత్తనాలు గ్రాముకు రమారమి 800 తూగుతవి. నాలుగడుగుల పొడవున ఐదు సాళ్ళు గల చిన్న మడి ఒకటి ఉన్నదనుకొందాం. గడ్డకూ గడ్డకూ రెండంగుళాలు ఎడం ఇస్తే సాలుకు 24, మొత్తం 120 మొక్కలకు అందులో చోటు ఉన్నది. రెండు గ్రాముల పొట్లం తెచ్చి, మిగిల్చి ఏం చేయాలని అంతా చల్లివేస్తే 1600 గింజలు పడినవి. సగమే మొలిచినా 800. అంటే 680 మొలకలు పోవలసినవే. అర గ్రాము మాత్రమే తీసుకొని, పొడి ఇసుకలో బాగా కలిపి సాళ్ళలో చల్లితే 400 గింజలలో 200 మొలుస్తవి. 80 తీస్తే చాలును. పలుచన చేసేటప్పుడు కలిగే బాధలో ఎక్కువ పాలు చల్లిననాటి చేతివాటానిదే అని ఈ లెక్కవల్ల తెలుస్తుంది. దయగలవాడు దయ చూపవలసిన రోజు విత్తే రోజు. పీకే రోజున చూపే దయ మొలకలలో దేనికీ ఉపయోగపడదు.

ఆ మాట గట్టిగా అనడానికి ఆధారం ఉన్నది. 1950ల దశకంలో జపాను దేశంలోని ఒసాకా నగర విశ్వవిద్యాలయంలో కిరా, షినొజాకి మున్నగు శాస్త్రజ్ఞులు ఒకే నేలలో మొక్కలను వివిధ సంఖ్యలలో పెంచి తూచి చూచారు. మొక్కలు పెరిగినకొద్దీ మొదట మొత్తం బరువు పెరుగుతుంది. ఒక హద్దు దాటిన తరువాత ఎన్ని మొక్కలు పెట్టినా ఆ నేల ఇచ్చే మొత్తం బరువు ఇంచుమించు ఒక్కటే. నేల ఇచ్చేది ఇంత అని ఉన్నది. దానిని ఎందరు పంచుకొంటే ఒక్కొక్కరికి అంత తక్కువ. ఎనిమిదివందల క్యారెట్లు ఉన్న మడి నిజానికి వట్టిపోలేదు. తన శక్తికొద్దీ ఇచ్చింది. కాని ఎనిమిదివందల దారప్పోగులుగా ఇచ్చింది. పోగులను కూర వండేవారు లేరు.

ప్రకృతి తానే పలుచన చేసుకోదా అంటే, చేసుకొంటుంది. డార్విన్ 1859లో ప్రకటించిన గ్రంథంలో ఒక చిన్న పరిశీలన ఉన్నది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల నేలను త్రవ్వి శుభ్రం చేసి, అందులో మొలిచిన కలుపు మొలకలను ఒక్కొక్కటే గుర్తుపెట్టి లెక్కించాడు. 357 మొలకలలో 295 నశించినవి. చాలా వరకు నత్తలూ పురుగులూ తినివేసినవి. దట్టంగా పెరిగే మొక్కలు పెద్దవవుతున్నకొద్దీ వాటి సంఖ్య ఎట్లా తగ్గుతూ వస్తుందో 1963లో జపానీయుడే ఐన యోడా తన సహచరులతో కలిసి లెక్కగట్టి చూపాడు. కాని పురుగు పుట్ర లేకుండా కాపాడుకొన్న క్యారెట్ మడిలో ఈ ప్రకృతిన్యాయం జరిగేలోగా కాలం మించిపోతుంది. మొలకలు చావవు, బలియవు, చలికాలం గడచిపోతుంది. తోట అనేదే మనిషి ఏర్పాటు. అందులో చావు బ్రతుకులను ప్రకృతికి విడిచిపెట్టానని చెప్పుకోవడం తోటమాలి నోట అంతగా నప్పని మాట.

ఇప్పుడు బడితోటల మాట. పిల్లలచేత తోటపని చేయించాలన్న ఆలోచన ఈ దేశంలో కొత్తది కాదు. 1937లో వార్ధాలో రూపు దిద్దుకొన్న మూలవిద్యా పథకం పండ్లతోట, కూరగాయల తోట పనులను చదువుకు ఆధారమైన వృత్తులలో చేర్చింది. 2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ పాఠశాలలలో పోషక తోటలు పెంచడానికి మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. తోట ఉన్న బడులలో పిల్లలు విత్తుతారు, నీరు పోస్తారు, కోతనాడు సంబరపడతారు. నడుమ జరిగే ఈ ఒక్క పనికి మాత్రం పిల్లలను దూరంగా ఉంచడం తరచు జరుగుతున్నది. బడి విడిచిన తరువాత ఉపాధ్యాయులే కూర్చుండి పీకివేస్తారు, లేదా మరెవరిచేతనైనా పీకిస్తారు. పిల్లలు బాధపడతారని ఒక కారణం. ఇష్టం వచ్చినట్లు పీకి మడి పాడుచేస్తారని మరొక కారణం. మర్నాడు పలుచబడిన సాళ్ళు చూచి ఏమైనవని అడిగితే పక్షులు తిన్నవనో, ఎండిపోయినవనో చెప్పేవారు కూడా లేకపోలేదు.

ఇది సరియైన పద్ధతి కాదు. విత్తిన చేతులే పలుచన చేయవలె. చల్లేటప్పుడు ఎంత విచ్చలవిడిగా చల్లారో పీకేటప్పుడు తప్ప ఏ పిల్లవాడికీ తెలియదు. ఆ పనిని అతని కంటబడకుండా దాచినట్లయితే, వచ్చే ఏడు కూడా పొట్లమంతా కుమ్మరిస్తాడు. పైగా కష్టమైన భాగాన్ని చాటున మరొకరు చేసిపెడితే, సుఖమైన భాగం మాత్రమే తనదని అనుకోవడం నేర్చుకొంటాడు. ‘ఇది బాగానే ఉన్నది గదా, ఎందుకు తీయాలండీ?’ అని అడిగిన పిల్లకు చెప్పవలసిన జవాబు ఒక్కటే ఉన్నది: ‘అవునమ్మా, బాగానే ఉన్నది. చోటు చాలదు. ఎక్కువ చల్లినది మనమే.’ ఆ జవాబులో మొలకమీద నేరం మోపడం లేదు.

నేరం మోపడం దగ్గరనే అసలు చిక్కు ఉన్నది. తోటపని పుస్తకాలలో ‘బలహీనమైన మొక్కలను తీసివేసి బలమైనవాటిని ఉంచవలెను’ అన్న వాక్యం కనబడుతూ ఉంటుంది. ఉపాధ్యాయుడు దానిని యథాతథంగా పిల్లలకు చెప్పి, తరువాత చదువుకూ జీవితానికీ అన్వయించబోతాడు. ఆ వాక్యం మడిలోనే సగం నిజం. సాలులో ఒకచోట మూడు ఏపైన మొలకలు ఒరుసుకొని ఉంటే, వాటిలో రెండు పోవలసినదే, ఎంత బలమైనవైనా సరే. మరొకచోట బక్క మొలక ఒక్కటే నిలిచి ఉంటే, దానిని ఉంచవలసినదే. చుట్టూ చోటు ఉన్నది గనుక చాలాసార్లు అది నెలలోపల అందరినీ అందుకొంటుంది. పోయిన రెండింటికంటె ఉన్న ఈ బక్కది ఏ విధంగానూ మెరుగైనది కాదు. తోటమాలి వేళ్ళు కొలిచేది యోగ్యతను కాదు, ఎడాన్ని.

బడిని తోటతో పోల్చడం చాలా పాతబడిన అలవాటు. ఫ్రోబెల్ 1840లో జర్మనీలో తన శిశుపాఠశాలకు పిల్లల తోట అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు. వార్షికోత్సవాలలో ఉపన్యసించేవారు పిల్లలను మొలకలనీ ఉపాధ్యాయుని తోటమాలి అనీ అంటూనే ఉన్నారు. నీరు పోయడం వరకు ఆ పోలిక అందంగా ఉంటుంది. పలుచన చేయడం వరకు పోనిస్తే ప్రమాదం. వెనుకబెంచీవారిని పట్టించుకోకపోవడానికీ, పదవ తరగతి ఫలితాలు తగ్గుతవేమోనని కొందరిని ముందే తప్పించడానికీ, ‘తోటమాలికూడా తీసివేస్తాడు గదా’ అనే సమాధానం దొరుకుతుంది. ఉపమానం అనే అలంకారం కొన్ని ధర్మాలలో మాత్రమే సామ్యం చెబుతుంది. ముఖం చంద్రుని వంటిదని కవి అన్నాడని ముఖంమీద మచ్చలు వెదకడానికి ఎవరూ పోరు.

క్యారెట్ మొలకను పీకడానికి ఉన్న సమర్థన ఒక్కటే: దానిని కదిలించి మరొకచోట బ్రతికించడం సాధ్యం కాదు. పిల్లవానికి ఆ నియమం లేదు. అతడు వరినారు వంటివాడు. ఒకచోట ఇరుకైతే మరొక గది, మరొక ఉపాధ్యాయుడు, మరొక విద్య—ఎక్కడ నాటినా వేరుపట్టే శక్తి అతనికి ఉన్నది. దేశం కూడా ఆ లెక్కనే చట్టం చేసుకొన్నది. 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, ఆ పై ప్రాథమికోన్నత తరగతులలో 35 మందికి ఒకరు ఉండవలెనని చెబుతున్నది. ఇదిన్నీ ఎడం నిర్ణయించడమే. కాని ఎడం చాలనప్పుడు పిల్లలను తగ్గించమని కాదు, ఉపాధ్యాయులను పెంచమని దాని భావం. ఈ భేదాన్ని పదవ తరగతి విద్యార్థులచేత క్యారెట్ మడి గట్టున కూర్చుండి తర్కింపజేస్తే, దానంత మంచి భాషాపాఠం పుస్తకంలో దొరకడం కష్టం.

ఇక చేసే విధానం. మైదానప్రాంతాలలో దసరా సెలవులు గడచి, కార్తీకపు చలి తగిలిన తరువాత, అంటే రమారమి నవంబరు మొదటి వారంలో విత్తడం మంచిది. మట్టిలో రాళ్ళు, గడ్డలు లేకుండా జానెడు లోతున గుల్లచేయవలె. విత్తనం మొలవడానికి పట్టే రోజులలో కలుపు ముందే మొలుస్తుంది. క్యారెట్ మొలకను కూడా గడ్డి అనుకొని పీకివేసే ప్రమాదం ఉన్నది గనుక, సాళ్ళు తిన్నగా గీసి పిల్లలకు గుర్తు చూపించడం అవసరం. మొలకలు రెండంగుళాల ఎత్తు కాగానే మొదటి తీత. అప్పుడు అంగుళం ఎడం చాలును. ముందుగా మడి తడపవలె. ఎండవేళ కాక సాయంత్రం చేయవలె. మరీ ఒరుసుకొని ఉన్నచోట లాగితే ప్రక్క మొలక వేరుకూడా కదులుతుంది కనుక, మట్టిని అంటి గోటితో గిల్లడమో, చిన్న కత్తెరతో కత్తిరించడమో మేలు. పిల్లల చేతికి కత్తెర ఇస్తే తొందరపాటు తగ్గుతుందని కూడా ఒక లాభం. పని అయినాక వదులైన మట్టిని వేళ్ళతో అదిమి, మళ్ళీ పలుచగా నీరు చల్లవలె.

మూడు నాలుగు వారాల తరువాత రెండవ తీత. ఈసారి గడ్డకూ గడ్డకూ రెండు మూడంగుళాలు ఉండవలె. ఇప్పుడు వచ్చే వేళ్ళు పెన్సిలంత ఉంటవి. కడిగి అక్కడికక్కడే నమలవచ్చును, ఆకును పప్పులో వేయవచ్చును. మొదటిసారి మొహం ముడుచుకొన్న పిల్లలు రెండవసారి పోటీపడి వస్తారు. అప్పుడు ఉపాధ్యాయుడు కాపలా ఉండవలసినది ఉంచవలసిన మొక్కలకు. నవంబరులో విత్తినదైతే ఈ రెండవ తీత సంక్రాంతి సెలవులు ఇవ్వకముందే ముగించుకోవలె. ఊళ్ళకు పోయి వచ్చేసరికి వేళ్ళు ఒకదానినొకటి చుట్టుకొని ఉంటవి. ఆ తరువాత ఒకదానిని లాగితే రెండు వస్తవి.